నాలుగో భాగంలో నాన్న గొంతు

ఆ బ్యాండు వాళ్ళు ముగ్గురూ నన్ను "లైబ్రరీ" అని పిలిచేవారు. మాది హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు; అందులో సాక్చీ అనే పేటలో ఒక కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. తీసుకెళ్ళిన పుస్తకాల నంబర్లు రాసుకోవడం, తిరిగొచ్చినవాటిని అరల్లో సర్దడం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నోరు తెరవకుండా గడిచిపోయిన రోజులున్నాయి. అలాంటి రోజుల్లో ఇంటికి వచ్చి డైరీలో రెండు పేజీలు రాసేదాన్ని. మాట్లాడని మాటలు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా.

ఒక మధ్యాహ్నం పొట్టి జుట్టు అమ్మాయి ఒకామె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. మేము హిందీలోనే మాట్లాడుకున్నాం, ఈ ఊళ్ళో మా ఈడువాళ్ళందరిలాగే.

"ఇనుపరాయి గురించి పుస్తకం కావాలి" అంది. "రాయి పుట్టినప్పటి నుంచి చచ్చిపోయేదాకా మొత్తం ఉండాలి."

"రాయి చచ్చిపోతుందా?"

"తుప్పు పడుతుంది కదా."

ఆ జవాబు నాకు నచ్చింది. గనుల మీద పాత పుస్తకం ఒకటి, లోహాల మీద ఇంకొకటి వెతికి పెట్టాను. ఏ పేజీ చూడాలో చీటీ కూడా రాసి పెట్టాను. వారం తర్వాత పుస్తకాలు తిరిగిస్తూ, "నువ్వు రాసిన చీటీ పుస్తకం కన్నా బాగుంది. మా రూముకొచ్చి మావాళ్ళకి చెప్తావా?" అంది. ఆమె ఒక బ్యాండులో కీబోర్డు వాయిస్తుంది. నాకు "రాను" అనడం కూడా చేత కాదు. వెళ్ళాను.

ఆ రూము సువర్ణరేఖ నది అవతల మాంగో అనే పేటలో, రజాయిలు, అంటే దూది బొంతలు, కుట్టే దుకాణం మీద ఉండేది. చప్పుడు బయటికి పోకుండా నాలుగు గోడలకీ చిరిగిన రజాయిలు మేకులు కొట్టి వేలాడదీశారు. డ్రమ్ము మోగినప్పుడల్లా దూది పోగులు గాలిలోకి లేచి, ట్యూబులైటు వెలుతురులో తేలుతూ చాలాసేపటికి కిందికి దిగేవి. వాళ్ళు వాయించే సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారట. నాకు తెలిసిందల్లా, అది విన్నప్పుడు టైము సాగిపోతుందని. గిటారు తీగ మీద ఒక్క దెబ్బ కొడితే అది కరిగి, మెలితిరిగి, ఎటో పోయి, ఇక రాదనుకున్నప్పుడు ఇంకో రూపంలో వెనక్కి వచ్చేది.

వాళ్ళు తలపెట్టిన ఆల్బమ్ ఏడు భాగాలు. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే పాటలా సాగాలి. కొండ లోపల నిద్రపోతున్న ఇనుపరాయి మొదటి భాగం. దాన్ని తవ్వి తీస్తారు, రైల్లో తెస్తారు, కొలిమిలో కరుగుతుంది, రోలర్ల మధ్య సాగుతుంది, వంతెన అవుతుంది, చివరికి తుప్పు పట్టి వానలో మట్టిలోకి పోతుంది. చెప్పేది రాయి. మనుషులు దానికి దూరంగా వినపడే చప్పుళ్ళు మాత్రమే. పెద్ద ఊళ్ళ బ్యాండ్లే ఇంత పొడుగు పని పెట్టుకోవని గిటారు వాయించే అతను గొప్పగానూ భయంగానూ అనేవాడు. పాడేదీ, అందరి మీదా కేకలు వేసేదీ అతనే. డ్రమ్స్ అతను నాకన్నా తక్కువ మాట్లాడేవాడు. అందుకే అతనంటే నాకు భయం ఉండేది కాదు.

వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళడం మొదలుపెట్టాను. మూలన కూర్చుని ఏ నిమిషంలో ఏం వాయించారో నోటుపుస్తకంలో రాసేదాన్ని. ఎవరైనా గట్టిగా నవ్వితే గిటారు అతను వేలు పెదవుల మీద పెట్టుకుని, "లైబ్రరీ మేడమ్ ఉన్నారు, సైలెన్స్" అనేవాడు. అందరూ నన్ను చూసి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. వాళ్ళలో ఒకదాన్ని అయ్యానా లేదా అని తిరుగు ఆటోలో ప్రతిసారీ ఆలోచించేదాన్ని. ఏదీ తేలేది కాదు. నేను లేని రోజుల్లో వాళ్ళు టీకి వెళ్ళినట్టు, ఎక్కడికో షికారుకి వెళ్ళినట్టు తర్వాత మాటల్లో తెలిసేది.

నాలుగో భాగం దగ్గర ఆల్బమ్ ఆగిపోయింది. రాయి కరిగి ద్రవమై, పెద్ద పాత్రలో క్రేనుకి వేలాడుతూ గాలిలో పోయే పన్నెండు నిమిషాలు అది. రాయి అప్పుడు కల కంటుంది. ఏం వాయించినా గిటారు అతనికి నచ్చలేదు. ఎవరి చేతనో కవిత చదివించారు, తీసేశారు. ఫ్యాక్టరీ చప్పుళ్ళు తెచ్చి పెట్టారు, తీసేశారు.

"రాయికి ఎవరిదో గొంతు వినపడాలి" అన్నాడు అతను ఒకరోజు, గిటారు ఒళ్ళో పడుకోబెట్టుకుని. "దాన్ని మోస్తున్నవాడి గొంతు. మోస్తాడు, ముట్టుకోలేడు. అలాంటివాడెలా మాట్లాడతాడు?"

"నా దగ్గర ఉంది" అన్నాను.

అలా ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ముగ్గురూ తలలు తిప్పి నా వైపు చూశారు. ఆ రూములో నేను మాట్లాడితే అందరూ ఆగి వినడం అదే మొదటిసారి.

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను ఆపరేటరు. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్న పెళ్ళి కాకముందే ఇక్కడికి వచ్చి, కింద గొలుసులు కట్టే పనిలో చేరి, చాలా ఏళ్ళకి పైకెక్కాడు. భాలుబాసాలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. రాత్రి షిఫ్టు వారాల్లో నాన్న పొద్దున్నే వచ్చి, తిని, లోపలి గదిలో పడుకుంటాడు. అప్పుడు మా ఇంట్లో గిన్నె మీద మూత పెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అంచు ముందు ఆనించి, వేలు అడ్డం పెట్టి, మెల్లగా దించాలి. కుక్కరు విజిల్ పెట్టం. గుమ్మంలోకి ఎవరొచ్చినా అమ్మ బయటికే వెళ్ళి మాట్లాడుతుంది. నేను పుట్టి పెరిగింది ఆ నిశ్శబ్దంలోనే. స్కూల్లో టీచర్లు "ఈ పిల్ల నోరు విప్పదు" అని చెప్తే అమ్మ ఆశ్చర్యపోయేది కాదు.

నాన్న మెలకువగా ఉన్నప్పుడూ మాట్లాడేది తక్కువ. "తిన్నావా", "తాళం ఏసీ", అంతే. కానీ నిద్రలో కలవరిస్తాడు. పొద్దున తొమ్మిదింటికి, నేను లైబ్రరీకి తయారవుతున్నప్పుడు, లోపలి గదిలోంచి గొంతు మొదలవుతుంది. ఎక్కువ హిందీలోనే, పని మాటలు. "హాఁ, దేఖ్ రహా హూఁ... ధీరే, ధీరే... బస్. బస్ బోలా న." చూస్తున్నా, మెల్లగా, మెల్లగా, చాలు, చాలన్నాగా. కింద ఉన్నవాడితో ఎంత ఓపిగ్గా, ఎంత చనువుగా మాట్లాడతాడో. మధ్యలో నవ్వుతాడు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత తెలుగులో, అదే మాట ప్రతిసారీ: "నాను పైనే ఉన్నాను."

నేను జడ వేసుకోవడం ఆపి గుమ్మం పక్కన నిలబడి వినేదాన్ని. కాలేజీ రోజుల నుంచీ ఆ మాటలు డైరీలో రాస్తున్నాను. మా నాన్న గురించి నాకు తెలిసింది చాలావరకు అక్కడిదే. ఒకసారి ఫోన్లో రికార్డు కూడా చేసుకున్నాను, ఊరికే, దాచుకోవడానికి.

ఆ రికార్డింగే వాళ్ళకి ఇచ్చేశాను.

విన్నాక డ్రమ్స్ అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గిటారు అతను మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. "లైబ్రరీ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావ్ దీన్ని?" కీబోర్డ్ అమ్మాయి నా భుజాల చుట్టూ చెయ్యి వేసింది. ఆ సాయంత్రం వాళ్ళతో పాటు నేనూ టీకి వెళ్ళాను. కుల్హడ్ మట్టికప్పు వేడికి వేళ్ళు కాలుతున్నా కింద పెట్టబుద్ధి కాలేదు. నాన్నని అడగాలన్న ఆలోచన రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. వచ్చింది. టీ తాగుతూ దాన్ని పక్కకి నెట్టాను.

నెల తిరిగేసరికి నాలుగో భాగం తయారైంది. గిటారు ఒక ఎర్రటి ద్రవంలా నెమ్మదిగా ఊగుతూ ఉంటే, పైనెక్కడి నుంచో నాన్న గొంతు దిగేది. చివర్లో అన్ని వాయిద్యాలూ ఆగి, "నాను పైనే ఉన్నాను" ఒక్కటే మిగిలేది. ఆల్బమ్ మొత్తం ఆ మాట మీద నిలబడిందని గిటారు అతను అన్నాడు. ఇంకో పది రోజుల్లో ఇంటర్నెట్‌లో పెడతారు.

అంత గొప్పతనం ఒక్కదాన్నే మోయలేకపోయాను. ఒకరోజు అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని ఒక ఇయర్‌ఫోను ఆమె చెవిలో పెట్టాను. అమ్మ మొదట నవ్వింది. "ఏటే ఇది, బుర్ర తిరిగిపోతంది" అంది. తర్వాత ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"ఇది మీ నాన్న గొంతు కాదేటి?"

"అవును. బాగుంది కదా?"

"ఎవులికిచ్చావు?"

చెప్పాను. అమ్మ ఇయర్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఓలమ్మ, ఎంత పని సేసినావే గుంటా. నిద్దట్లో కలవరిత్తాడని ఒక్కడికి తెలిసినా సాలు, క్రేను దించేత్తారు. ఏడాదికోపాలి మెడికల్ ఉంటాది. నిద్ర బాగా పడతందా అని అడుగుతారు. ఆ మడిసి పడతందనే సెప్పుకొత్తన్నాడు ఇన్నాళ్ళూ. నీ పుట్టింటోళ్ళకి కూడా సెప్పకే అని నా సేత ఒట్టేయించుకున్నాడు. నువ్వు ఊరందరికీ వాయించి ఇనిపిత్తావా?"

"పేరు వెయ్యరమ్మా."

"పేరెందుకే? ఆ గొంతు ఇరవయ్యేళ్ళ నుంచి వాకీటాకీలో ఇంటన్నోళ్ళు ఎంతమంది లేరు. ఆళ్ళ పిల్లలే కదా ఈ పాటలు ఇనీది."

నిద్ర సరిగా పట్టనివాడిని కరిగిన లోహం మోసే క్రేను మీద కూర్చోబెట్టరు. అందులో న్యాయం ఉంది, అది నాకు అర్థమైంది. కానీ నాన్న మెలకువలో తప్పు చేసినవాడు కాదు. కింద పనికి దించితే ఆ మనిషి ఏమైపోతాడో నేను ఊహించగలను. ఇంట్లో మాట్లాడడు, వీధిలో మాట్లాడడు. ఆ పైన ఉన్న అద్దాల గదే అతని చోటు.

"నువ్వే సెప్పు ఆ మడిసికి" అని అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లేచింది.

ఆ వారం నాన్నది మధ్యాహ్నం షిఫ్టు. మర్నాడు పొద్దున గడప దగ్గర కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. నేను ఎదురుగా కూర్చుని, డైరీలో ముందుగా రాసుకుని బట్టీ పట్టిన నాలుగు వాక్యాలూ హిందీలో గబగబా చెప్పేశాను. మా నాన్న తెలుగులో మాట్లాడినా నేను హిందీలోనే జవాబిస్తాను, చిన్నప్పటి నుంచీ అంతే.

నాన్న బ్రష్షు ఆపలేదు. ఒక బూటు పూర్తయ్యాక, "ఏదీ, ఇనిపించు" అన్నాడు.

ఫోన్లో రికార్డింగు ఒక్కటే వినిపించాను, సంగీతం లేకుండా. వింటూ వింటూ కనుబొమ్మలు దగ్గరికి తెచ్చాడు.

"ఇంత గట్టిగా అరుత్తానేటి?"

"అరవరు. మామూలుగానే మాట్లాడతారు."

"ఇదొక్కటేనా, ఇంకా ఏటైనా అన్నానా?"

నేను లోపలికెళ్ళి డైరీలు తెచ్చాను. ఎప్పుడూ ఎవరికీ చూపించనివి. వాటిలోంచి నాన్న మాటలున్న పేజీలు వెతికి చదివాను. ఫలానా రోజు, "గొలుసు సరిచెయ్యి". ఫలానా రోజు, "టీ వచ్చిందా, నాకు పైకి పంపొద్దు, నేనే దిగుతా". ఇంకో రోజు ఎవరినో, "నీ పెళ్ళికి కూడా ఇలాగే లేటుగా వస్తావేంట్రా". అది చదివినప్పుడు నాన్న పకపకా నవ్వాడు.

"ఆడు నిజంగానే లేటుగా వచ్చినాడే, పెళ్ళికి" అన్నాడు. "కింద సిగ్నల్ ఇచ్చీవోడు. రిటైరైపోనాడు."

నేను నాన్నతో అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ధైర్యం వచ్చి అడిగాను, పైనే ఉన్నాను అని ఎందుకంటారు అని.

నాన్న రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు.

"పైన కూకుంటే కింద మనుసులు సీమల్లా ఉంటారు. ఒక్కోపాలి ఆళ్ళలో ఆళ్ళు మాటల్లో పడిపోతారు. గంటైనా ఎవుడూ తలెత్తి సూడడు. అప్పుడు వాకీటాకీ నొక్కి అంటాను, నాను పైనే ఉన్నాను అని. తెలుగులో అంటే ఆళ్ళు నవ్వుతారు. నవ్వితే ఉన్నారని తెలుత్తాది." బ్రష్షు ఆపి, "నిద్దట్లో కూడా అంటన్నానా?" అన్నాడు.

కోపం వస్తే బాగుండేది. నాన్న బూటు లేసు సరిచేసుకుంటూ, తల ఎత్తకుండా, "తీసీమను గుంటా" అన్నాడు. "నీ ఫోన్లోదీ తీసీ. రాసుకున్నాయి ఉంచుకో, అయి నీయి."

అతని ముందే తీసేశాను. తీసెయ్యమంటారా అని ఫోను ఒకసారి అడిగింది. అవునని నొక్కాను.

ఆ సాయంత్రం మాంగో వెళ్ళాను. రజాయిల దుకాణంలో దూది ఏకుతున్నారు, మెట్ల మీద అంతా తెల్లగా ఉంది. విషయం చెప్పగానే గిటారు అతను కుర్చీలోంచి లేచాడు.

"ఇప్పుడా? అంతా అయిపోయాకా? ఆ పన్నెండు నిమిషాల మీద మేమెన్ని రోజులు కూర్చున్నామో నీ నోటుపుస్తకంలోనే ఉంటుంది, చూసుకో."

"తెలుసు."

"గొంతు మారుస్తా. లావు చేస్తా, సన్నం చేస్తా. ఎవరూ పోల్చుకోరు."

"వద్దు. నాన్న తీసెయ్యమన్నారు."

"మరి ఆయన్ని అడక్కుండా ఎందుకిచ్చావ్?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. మీరు నా వైపు చూస్తారని. అది చెప్పలేదు. "నాదే తప్పు. తీసెయ్యండి. నా ఎదురుగా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది, రజాయిలు కూడా మింగలేనంత గట్టిగా.

అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే తీసేశాడు. దాచుకున్న కాపీలు కూడా. ప్రతిదానికీ నా వైపు తిరిగి, "ఇది కూడానా? ఇది?" అని అడిగాడు. అన్నీ అయ్యాక, "ఇంకేమైనా వెనక్కి తీసుకోవాల్సినవి ఉన్నాయా, లైబ్రరీ మేడమ్? ఫైన్ కట్టాలా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. డ్రమ్స్ అతను దూది పోగుల్ని చూస్తూ కూర్చున్నాడు. కీబోర్డ్ అమ్మాయి తల వంచుకుని, స్విచ్చి వెయ్యని కీబోర్డు మీద వేళ్ళు కదుపుతూ ఉంది. నేను మెట్లు దిగుతుంటే ఆమె వస్తుందేమో అని వీధిలో కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆటో ఎక్కకుండా వంతెన మీద నడిచి ఇంటికి వచ్చాను.

మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. రమ్మని వాళ్ళూ అనలేదు.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మళ్ళీ రాత్రి షిఫ్టు వారం వచ్చినప్పుడు నాన్న లోపలి గదికి గడియ పెట్టుకుని, టేబుల్ ఫ్యాను తలకి దగ్గరగా పూర్తి స్పీడులో పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. చలికాలంలో కూడా. తొమ్మిదింటికి నేను జడ వేసుకుంటుంటే లోపలి నుంచి ఫ్యాను మోత ఒక్కటే వచ్చేది. నాన్న నన్నేమీ అనలేదు. నేను అడిగితే, "దోమలే" అన్నాడు.

ఆల్బమ్ అనుకున్న రోజు కన్నా చాలా ఆలస్యంగా వచ్చింది. ఊళ్ళో ఎక్కడో అందరినీ పిలిచి వినిపించారని ఎవరో లైబ్రరీలో మాట్లాడుకుంటుంటే విన్నాను. అదే రోజు కీబోర్డ్ అమ్మాయి నుంచి లింకు వచ్చింది. దాని పైనా కిందా ఒక్క మాట లేదు.

ఆదివారం పొద్దున ముందు గదిలో మంచం మీద కూర్చుని పెట్టుకున్నాను. కొండ, తవ్వకం, రైలు. మూడు భాగాలూ నాకు నిమిషాలతో సహా తెలిసినవే. నాలుగో భాగం మొదలైంది. గిటారు ఊగుతోంది. నాన్న గొంతు ఉండాల్సిన చోట ఏముంటుందో అని ఫోన్లో సౌండు పెంచాను.

అక్కడ కీబోర్డు ఉంది. సన్నగా, ఒంటరిగా, ఒక్కొక్క స్వరం. రెండు పొడుగు స్వరాలు, కాస్త విరామం, మళ్ళీ రెండు. తర్వాత తెగ్గొట్టినట్టు ఒక పొట్టి స్వరం. ధీరే, ధీరే. బస్. ఆమె ఆ గొంతు నడకంతా వేళ్ళతో నేర్చుకుంది. ఎక్కడ ఆగాడో అక్కడే ఆగింది, నవ్విన చోట స్వరాలు చిందాయి. ఆ గొంతు పోయింది, ఆ మాటలూ లేవు. అది ఎవరి మాటల నడకో బ్యాండు వాళ్ళకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు మాట తప్పినట్టా, నిలబెట్టుకున్నట్టా అని నేను ఆ రోజు నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

అప్పుడే నాన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, తిని, నా పక్కన మంచం అంచున కూర్చున్నాడు. "ఆళ్ళదేనా? వచ్చీసిందేటి?" అన్నాడు. ఒక ఇయర్‌ఫోను ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందేమో.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అలసటో, వినడమో తెలియలేదు. కాసేపటికి మోకాలి మీద ఉన్న అతని కుడి చెయ్యి, ఏదో పిడిని పట్టుకున్నట్టు, నెమ్మదిగా ముందుకి కదిలింది. పొడుగు స్వరాలకి ముందుకి. పొట్టి స్వరం దగ్గర ఠక్కున ఆగింది. మళ్ళీ కదిలింది. తన చెయ్యి కదులుతోందని అతనికి తెలియదు. చివరికి వాయిద్యాలన్నీ ఆగి, కీబోర్డు ఒక్కటే మిగిలి, ఆ ఆఖరి మాట ఉండాల్సిన చోట కొన్ని స్వరాలు పలికింది. నాన్న పెదవులు కదిలాయో లేదో చూడాలని తల తిప్పబోయి ఆగిపోయాను. మళ్ళీ చాటుగా వినడమే అవుతుంది అది.

చెప్పెయ్యాలనిపించింది. ఇది మీరే నాన్నా అని. చెప్తే ఇది కూడా తీసెయ్యమంటాడు. లేదా అనడు. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడ్డానో నాకు తెలియదు.

నాన్న కళ్ళు తెరిచి ఇయర్‌ఫోను తీసి నా అరచేతిలో పెట్టాడు.

"గోలగోలగా ఉంది గానీ, ఆ సన్నపుది బాగుంది" అన్నాడు. "ఎవులు వాయించినారు?"

"ఒక అమ్మాయి" అన్నాను. తెలుగులోనే అన్నాను.

నాన్న తలూపి లోపలికి వెళ్ళాడు. గడియ పడింది. ఫ్యాను మొదలైంది. ఖాళీ అయిన రెండో ఇయర్‌ఫోను కూడా నా చెవిలోనే పెట్టుకుని, మిగిలిన మూడు భాగాలూ చివరిదాకా విన్నాను.